బొమ్మల గుండుకు దారి చెప్పాలా, దాచాలా?

సిరోంచ బాటసారి

మార్చిలో అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు యూటా రాష్ట్రంలో హార్స్‌షూ కాన్యన్ అనే ఎడారి లోయలో నడిచి వచ్చాను. పోనూ రానూ పదకొండు కిలోమీటర్లు. మన గుట్టలకు అది తిరగేసిన లెక్క. ఇక్కడ ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు ఎక్కి, అలిసిపోయాక దిగుతాం. అక్కడ పొద్దున్నే హాయిగా దిగి, ఎండ నడినెత్తికి వచ్చే వేళకు 230 మీటర్లు ఎక్కాలి. లోయ అడుగంతా వాగు ఇసుక. పొడిగాలి చెమటను పుట్టగానే పీల్చేస్తుంది కాబట్టి ఒంట్లో నీరు పోతున్నట్టే తెలియదు. సిరోంచ మే నెల చూసినవాడికి ఇదొక ఎండా అనుకుని రెండు లీటర్ల నీళ్లతో బయలుదేరాను. తిరుగుదారిలో అల్లుడి సీసా ఖాళీ చేశాను. ఆ సంగతి ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది.

గ్రేట్ గ్యాలరీ అనే గోడ ముందు నిలబడ్డాక మాత్రం నోరు పెగల్లేదు. కాళ్లూ చేతులూ లేని నిలువెత్తు ఆకారాలు, జేగురు రంగులో, బారులు తీరి నిలబడ్డాయి. ఆ లోయ పాత పేరు బారియర్ కాన్యన్. ఆ ప్రాంతమంతటా ఇలాంటి బొమ్మల తీరును ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

ఇక అసలు విషయం. ఇరవై ఏళ్ల కిందట ఒక మేకల కాపరి గడ్చిరోలి జిల్లాలోని మా సిరోంచ తాలూకా అడవిలో ఒక గుండు కింద రాతిచాటు చూపించాడు. ఎర్రని గీతలు, కొమ్ములున్న ఒక జంతువు, రెండు అరచేతి ముద్రలు. ఎంత పాతవో తేల్చే చదువు నాకు లేదు. మూడు ఫొటోలు కింద పెట్టాను. దారి కూడా రాసి పెడదామని నా ఉద్దేశం. ఎవరూ చూడని బొమ్మ కోసం ఎవరు నిలబడతారు? రేపు అక్కడ రాయి కొట్టడం మొదలుపెడితే అడిగేవాడు ఉండాలి కదా. మీరేమంటారు?

దెగ్లూరు దారి

పెట్టకండి. మీరు చెప్పిన యూటాలోనే మోయాబ్ పట్టణం పక్కన బర్తింగ్ రాక్ అనే బండ ఉంది. దారి పక్కనే, అందరికీ తెలిసినదే. 2021 ఏప్రిల్‌లో ఎవరో రాత్రికి రాత్రి వచ్చి ఆ పాత చెక్కుళ్ల మీద బూతులు గీకి పోయారు. పట్టిచ్చినవారికి పదివేల డాలర్లు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. డబ్బు ప్రకటిస్తే గీత మాసిపోతుందా? ఇలాంటి చోట్ల వివరాలు బయటపెడితే వాటికి ముప్పు అనిపించినప్పుడు అధికారులు గోప్యంగా ఉంచాలని అక్కడి 1979 చట్టంలోనే ఉంది. ఊరికే రాసుకోలేదు కదా.

సోలాపూర్ మగ్గం

దాచడం వల్ల మిగిలినవెన్నో ఎవరికీ తెలియదు, ఎందుకంటే దాచారు కాబట్టి! మా రాష్ట్రంలోనే రత్నగిరి వైపు చూడండి. జంబిట్ట (లాటరైట్ రాయి) నేల మీద ఏనుగులు, చేపలు, మనుషులు, కొలతకు అందనంత పెద్దవి చెక్కి ఉన్నాయి. స్థానికులు కాతళ్‌శిల్ప్ అంటారు. ఊరివాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. కొందరు పట్టుదలగా ఊరూరా తిరిగి, అడిగి, లెక్కకట్టి బయటపెట్టాకే ప్రభుత్వం కన్ను తెరిచింది. 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. ఆ జిల్లాలోనే బార్సు దగ్గర చమురు శుద్ధి కర్మాగారం మాట వచ్చినప్పుడు జనం ఆ చెక్కుళ్లను చూపించే వాదించారు. ఎవరికీ తెలియకుండా ఉండి ఉంటే దేన్ని చూపించి వాదించేవారు?

రాయగడ మాస్టారు

మగ్గం గారి మాట కాదనను, కానీ జంబిట్ట మీద చెక్కుడు వేరు, గోడ మీద రంగు వేరు. రంగు అంటే రాతి మీద పలుచని పొర, అంతే. మా పక్క జిల్లా కలహండిలో గుడహండి అనే బొమ్మల రాతిచాటు ఉంది, ఎరుపు, నలుపు రంగుల్లో గళ్లూ గీతలూ. అక్కడికి పిల్లల్ని తీసుకెళ్లే ముందు వారం రోజులు ఒకటే పాఠం చెప్పాను: ముట్టవద్దు, తడపవద్దు. ఎందుకంటే మరొక రాతిచాటులో, పేరు చెప్పను, పెద్దవాళ్లే సీసాలో నీళ్లు చిలకరించి ఫొటో తీస్తూ కనిపించారు. తడిస్తే రంగు ఎర్రగా తేలుతుంది, నిజమే. నీళ్లు ఆరేటప్పుడు రాతిలోని ఉప్పు పైకి వచ్చి తెల్లగా పేరుకుంటుంది, దానితోపాటు రంగు పెచ్చుగా లేస్తుంది. ఫ్రాన్సులో పాతకాలపు రంగు బొమ్మలున్న లాస్కో గుహ 1940లో బయటపడింది. చూసేవాళ్ల ఊపిరికే పాచి పట్టి 1963లో మూసేశారు. వాళ్లేమీ గీకలేదు, చూశారంతే.

మసకబారిన రంగు కావాలంటే డీస్ట్రెచ్ అని ఫొటో మీదే రంగులు పెంచి చూపే ప్రోగ్రాం ఉంది. రాయిని ఇబ్బంది పెట్టనక్కర్లేదు.

సిరోంచ బాటసారి

మాస్టారూ, ఒప్పుకోక తప్పదు. గోదావరి వంతెన దాటి భూపాలపల్లి వైపు, రాతిబొమ్మలున్న పాండవుల గుట్టకు మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ చిలకరించాను. మాతో వచ్చిన పెద్దాయన చెబితేనే. అప్పుడది తెలివైన పని అనిపించింది.

కానీ ఒక చిక్కు ఉంది. పురావస్తు చట్టం కింద రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా అంటారే, అది రక్షిత స్థలంగా ప్రకటించిన వాటికే. మా గుండు ఏ జాబితాలోనూ లేదు. జాబితాకు ఎక్కాలంటే ఎవరో ఒకరు చెప్పాలి.

దెగ్లూరు దారి

పురావస్తు శాఖకు చెప్పండి, ఉత్తరం రాయండి. ఊరందరికీ దండోరా ఎందుకు? రెండూ ఒకటి కాదు.

కలప డిపో

ఇంతసేపూ చదువుతున్నాను. చెప్పాలా వద్దా అని మనలో మనం తేల్చుకుంటున్నాం కానీ, ఆ గుండు ఎవరిది? మేకల కాపరి చూపించాడన్నారు. ఆయన ఊరికి ఆ సంగతి ఎప్పుడూ తెలుసు, మనం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మన గడ్చిరోలి జిల్లాలోనే మెండా లేఖా గ్రామసభ 2009లో అటవీ హక్కుల చట్టం కింద తన అడవి మీద సామూహిక హక్కు తెచ్చుకుంది. వెదురు కొట్టాలన్నా గ్రామసభను అడిగే జిల్లాలో, దారి చెప్పడానికి మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదా? ఆ రాతికి ఏడాదికొకసారి ఎవరైనా కోడిని కోస్తున్నారేమో, పసుపు పూస్తున్నారేమో. పసుపు పూస్తే బొమ్మల రంగు పాడవుతుందని మాస్టారు అంటారు, తెలుసు. అయినా ముందు వాళ్లనే అడగాలి. వాళ్లు వద్దంటే ఈ చర్చ అక్కడితో సరి.

సోలాపూర్ మగ్గం

వాళ్లు సరే అంటే? సందర్శకులు వస్తే దారి చూపే పని వాళ్ల పిల్లలకే దక్కుతుంది కదా.

కలప డిపో

సరే అంటే వాళ్లే చెబుతారు, ఎవరికి చెప్పాలో వాళ్లకే చెబుతారు.

సిరోంచ బాటసారి

ఆ కాపరి ఇప్పుడు లేడు. కొడుకు ఉన్నాడు, ఆదివారం సంతకు వస్తాడు. అడుగుతాను. ఇరవై ఏళ్లలో ఈ మాట ఒక్కసారి కూడా అడగలేదని ఇప్పుడే తడుతోంది. శాఖకు ఉత్తరం కూడా అతనితో మాట్లాడాకే.

రాయగడ మాస్టారు

అడిగి చెప్పండి, ఎదురుచూస్తాను. ఈలోగా మీ మూడో ఫొటో ఒకసారి చూసుకోండి. వెనకాల వాగు వంపు, ఆవల సెల్‌ఫోన్ టవరు స్పష్టంగా ఉన్నాయి. ఆ వైపు తిరిగినవాడికి దారి చెప్పేసినట్టే. ఫోను కెమెరా ఫొటోలోనే అక్షాంశం, రేఖాంశం దాచి పెడుతుంది, అదీ చూడండి.

సిరోంచ బాటసారి

మూడోది తీసేశాను. మిగతా రెండింటిలోనూ ఆ వివరాలు ఉన్నాయట, మనవడు చూసి చెప్పాడు. అవీ తీసేస్తున్నాను.