షార్ ఫైల్ విప్పుతుంటే బ్యాడ్ వేరియబుల్ నేమ్ అంటోంది, ఏంటిది?

పాతగేమ్_పిచ్చోడు:
అన్నలూ చిన్న హెల్ప్. 1980ల చివర్లో యూజ్‌నెట్‌లో (వెబ్‌కి ముందటి చర్చా గ్రూపులు), కాంప్ డాట్ సోర్సెస్ డాట్ గేమ్స్‌లో వచ్చిన ఒక గేమ్ సోర్స్ దొరికింది, మొత్తం 7 పార్టులు, ఒక్కోదాంట్లో పైన మెయిల్ హెడర్లు కింద షెల్ స్క్రిప్టు (షార్ అంటే ఇదే, ఫైళ్లని కమాండ్ల స్క్రిప్టులో కట్టిన ఆర్కైవ్). ఉబుంటులో షార్‌యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని దాన్ని విప్పే అన్‌షార్ కమాండ్ కొడితే ఒక్క ఫైలూ రాలేదు, ": బ్యాడ్ వేరియబుల్ నేమ్" అని ఒక్క లైనొచ్చి ఆగిపోతోంది, ఏ వేరియబులో కూడా చెప్పి చావట్లేదు, లైనే కోలన్‌తో మొదలవుతోంది. ఫైళ్లు విండోస్ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ నుంచి నోట్‌ప్యాడ్‌లోకి కాపీ పేస్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చా, దానికీ దీనికీ సంబంధం ఉంటుందా?

బ్యాష్_బాబాయ్:
హెడర్లు లేపేసి సరాసరి ఎస్‌హెచ్ తో రన్ చేసెయ్ బ్రో, షార్ అంటే ఉత్త షెల్ స్క్రిప్టే కదా.

పాతగేమ్_పిచ్చోడు:
చేశా బ్రో, అదే ఎర్రర్.

రిటైర్డ్_సిసాడ్మిన్:
హెడర్ల గొడవ కాదు తమ్ముడూ, వాటిని దాటేసి స్క్రిప్టు ఎక్కడ మొదలైందో వెతుక్కోడమే అన్‌షార్ పని. నోట్‌ప్యాడ్ అన్నావు చూడు, దొంగ అక్కడున్నాడు. ప్రతి లైను చివరా క్యారేజ్ రిటర్న్ (విండోస్ లైను ముగింపులో ఉండే కనపడని క్యారెక్టర్) తగిలించింది. స్క్రిప్టు మొదట్లో పాత్ అనే వేరియబుల్‌ని (కమాండ్లు వెతికే డైరెక్టరీల జాబితా) ఎక్స్‌పోర్ట్ చేసే లైనుంటుంది, షెల్‌కి ఆ పేరు చివర కనపడని క్యారెక్టర్ ఒకటి తగిలి చెల్లని పేరైపోయింది. ఎర్రర్‌లో ఆ పేరు ప్రింటయింది గానీ, ఆ క్యారెక్టర్ వల్ల కర్సర్ లైను మొదటికెళ్లి మిగతా ముక్క దానిమీదే పడింది, అందుకే నీకు కోలన్ నుంచే కనిపిస్తోంది. ఆ క్యారెక్టర్లు తీసేసే డాస్‌టుయూనిక్స్ కొట్టి, ఖాళీ డైరెక్టరీ ఒకటి చేసి, అన్‌షార్‌కి మైనస్ డి తో దాని పేరిచ్చి పార్టులన్నీ ఒకేసారి ఇచ్చెయ్.

ఇంకోటి, బాబాయ్ చెప్పినట్టు చూడకుండా రన్ చెయ్యకు, అన్‌షార్ కూడా లోపల షెల్‌కే అప్పజెబుతుంది, అందులో ఫైళ్లు చెరిపేసే ఆర్ఎమ్ ఉంటే అదీ నడుస్తుంది. రూట్‌గా (అన్ని హక్కులున్న యూజర్‌గా) అసలొద్దు. ఈ రకం షార్‌లో ఫైలు తాలూకు ప్రతి లైను ముందూ ఒక పెద్ద ఎక్స్ ఉంటుంది, విప్పేటప్పుడు సెడ్ అనే కమాండ్ దాన్ని తీసేస్తుంది. ఫ్రమ్ అని మొదలయ్యే లైన్ల ముందు మెయిల్ ప్రోగ్రాములు గ్రేటర్‌దేన్ గుర్తు పెట్టి పాడుచేసేవి, ఆ ఎక్స్ ఉంటే ముట్టుకోవు. కాబట్టి లైన్లు వడకట్టే గ్రెప్ కమాండ్ మైనస్ వి తో ఎక్స్ తో మొదలయ్యే లైన్లు తీసేసి చూడు, నిజంగా నడిచే కమాండ్లే మిగుల్తాయి, రెండు నిమిషాల్లో చదివెయ్యొచ్చు. ఎవడైనా ఎక్స్ తో మొదలయ్యే కమాండే రాస్తే అది కనపడదనుకో, అది వేరే సంగతి.

బ్యాష్_బాబాయ్:
ఆ గ్రెప్ ట్రిక్ నాకూ తెలీదు గురువు గారూ 🙏 7 పార్టులూ ఒకే ఫైల్లో అతికించి ఉంటే మాత్రం అన్‌షార్‌కి మైనస్ ఇ పెట్టాలి, లేకపోతే మొదటి పార్టు చివరున్న ఎగ్జిట్ జీరో దగ్గరే ఆగిపోతుంది, నేనోసారి సగం ఫైళ్లతో మేక్ (ప్రోగ్రాం బిల్డ్ చేసే కమాండ్) కొట్టి గంట కొట్టుకున్నా.

పాతగేమ్_పిచ్చోడు:
వచ్చేశాయి అన్నా!! 7 ఆర్కైవ్‌లూ విప్పేశావని చివర్లో మెసేజ్ కూడా వచ్చింది. కానీ మూడో పార్టులో మేక్‌ఫైల్‌కి (మేక్ చదివే సూచనల ఫైలు) "అన్‌ప్యాక్డ్ విత్ రాంగ్ సైజ్" అంటోంది, వదిలెయ్యొచ్చా?

రిటైర్డ్_సిసాడ్మిన్:
వదలకు. విప్పాక డబ్ల్యుసి తో బైట్లు లెక్కపెట్టి చూసుకుంటుంది అది, ఊరికే అనదు. కాపీ పేస్ట్‌లో ట్యాబులు స్పేసులైపోయి ఉంటాయి, మేక్‌ఫైల్‌లో ట్యాబ్ పోతే మేక్ మిస్సింగ్ సెపరేటర్ అని మొరాయిస్తుంది. ఆ పార్టొక్కటి డబ్ల్యుగెట్ తో నేరుగా దింపి మళ్లీ విప్పు, ఈసారి మైనస్ సి పెట్టు, లేకపోతే ఉన్న ఫైలు మీద రాయనని కూర్చుంటుంది.

పాతగేమ్_పిచ్చోడు:
ట్యాబులే అన్నా. ఇప్పుడు సీ కంపైలర్ జీసీసీ 14వ వెర్షన్ పేజీలకొద్దీ ఎర్రర్లు పోస్తోంది, ఇంప్లిసిట్ డిక్లరేషన్ (ముందు డిక్లేర్ చెయ్యకుండా ఫంక్షన్ వాడటం) అంట.

బ్యాష్_బాబాయ్:
అవి మునుపు వార్నింగులే, 14 నుంచి ఎర్రర్లు చేశారు. పాత సీ పద్ధతి కోసం స్టాండర్డ్ గ్నూ 89 అని ఫ్లాగ్ పెట్టి చూడు, అప్పటికీ కాకపోతే కొత్త థ్రెడ్ వెయ్యి.