సమస్య: “ముడిని విప్పి చూడ ముడియె మిగిలె”

నిర్వాహకుడు

ఈ వారం పూరించవలసిన పాదం ఇది:

ముడిని విప్పి చూడ ముడియె మిగిలె

మొన్న ఇంట్లో పాత ముడుపు మూట విప్పుతుండగా, పైముడి ఊడిన తరువాత లోపల మరొక ముడి కనబడడంతో ఈ పాదం నోటికి వచ్చింది. విప్పడానికీ మిగలడానికీ పొసగదు కనుక పూరణకు మంచి చోటుంది. పెళ్ళిపీటల మీది ముళ్ళ గురించి మనవాళ్ళు ఇదివరకే చాలా పద్యాలు చెప్పారు కాబట్టి, ఈసారి గణితంలోని ముడి సిద్ధాంతం వైపో, ఇంటిపేర్ల పుట్టుక వైపో నడవమని సభ్యులను కోరుతున్నాను.

మారేడుదళం

కొనలు కలిపినట్టి గుండ్రని తాటిలో
చిక్కులన్ని తీసి చివరి దాక
సున్నముడి యటంచు శోభిల్లె నామమ్ము
ముడిని విప్పి చూడ ముడియె మిగిలె

గణితంలో ముడి అంటే రెండు కొనలూ అతికించిన తాడు. కొనలు విడిగా ఉంటే ఎంతటి చిక్కునైనా జారవిడిచి విప్పేయవచ్చు కనుక ఆ శాస్త్రం వాటిని లెక్కలోకి తీసుకోదు. ఏ మెలికా లేని ఉత్త వలయాన్ని కూడా ఆ శాస్త్రజ్ఞులు ముడుల జాబితాలోనే ఉంచుతారు. అంకెల్లో సున్న ఎలాంటిదో ముడుల్లో అది అలాంటిది.

పీటముడి

మారేడుదళం గారి ఊహ బాగుంది, “సున్నముడి” అనే మాట ఇంకా బాగుంది. కానీ మూడవ పాదంలో “శోభిల్లె నామమ్ము” యతి కోసం వచ్చిందే తప్ప అర్థం కోసం రాలేదు. పేరు శోభిల్లడానికి అక్కడ ఏమి జరిగింది? అంతకంటె ముఖ్యమైన అభ్యంతరం మరొకటి ఉంది. వలయాన్ని ముడి అని పిలవడం వల్లనే ముడి మిగిలిందంటే, మిగిలినది పేరే గాని ముడి కాదు.

తాటాకు

పేరు మిగలడం తక్కువ సంగతేమీ కాదని చెప్పడానికే ఈ పూరణ.

ఇంటిపేరు గ్రంథి యెందుకో యని తాత
నడుగ, నాకుకట్ట నతడు విప్పె
దార మూడదీసి తాళపత్రములందు
ముడిని విప్పి చూడ ముడియె మిగిలె

తాటాకు పుస్తకం చేతిలోకి తీసుకున్నవారికి ఇది వెంటనే తెలుస్తుంది. ఆకులకు బెజ్జం వేసి, అందులోంచి దారం పోనిచ్చి, పైనా కిందా చెక్కలు పెట్టి, ఆ దారాన్నే కట్ట చుట్టూ తిప్పి ముడి వేస్తారు. కట్టడం, కూర్చడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచే గ్రంథమూ వచ్చింది, గ్రంథీ వచ్చింది. తాతగారు కట్ట ముడి విప్పి, లోపల ఆ మాటకు అర్థం వెదికితే దొరికినది “ముడి” అనే.

పీటముడి

అర్థం ఎంతో లోతుగా ఉంది, కాదనను. అయితే మొదటి పాదంలో “పేరు” తరువాత “గ్రంథి” వచ్చింది కనుక “రు” గురువు కావలసి వస్తుంది, రెండవ గణం చెడుతుంది. పైగా మన వైపు ఆ ఇంటిపేరును చాలామంది “గ్రంధి” అని ధకారంతో రాస్తారు.

ఇక్కడే మరొక మాట కూడా చెప్పాలి. వెనుకటి సమస్య “మూడు ముళ్ళు వేయ ముడియె లేదు” అన్నదానికి తాటాకు గారు చేనిగట్టున మూడు ముళ్ళకంపలు వేయించి, కంచె వేశారు గనుక ముడి లేదన్నారు. ఆనాడు అందరూ మెచ్చుకున్నారు గాని, అది సమస్యను పూరించడం కాదు, సమస్యలోని మాటను మార్చడమని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

నిర్వాహకుడు

గణదోషం లేదు. “ఇంటిపేరు” తెలుగు మాట, “గ్రంథి”తో దానికి సమాసం లేదు. సంస్కృత సమాసంలో ఐతే పక్క పదంలోని సంయుక్తాక్షరం ముందరి అక్షరాన్ని గురువు చేస్తుంది గాని, విడిగా నిలిచిన తెలుగు పదం చివరి హ్రస్వం లఘువుగానే ఉంటుంది. పద్యం నిలుస్తుంది.

తాటాకు

పీటముడి గారు నా పాత పూరణను ఇంకా గుర్తుంచుకున్నందుకు సంతోషం. మాటను నేను మార్చలేదు. గుడి గుళ్ళయినట్టు ముడి ముళ్ళయింది, ఇల్లు ఇళ్ళయినట్టు ముల్లు కూడా ముళ్ళే అయింది. రెండు వేర్వేరు మొదళ్ళ నుంచి వచ్చిన మాటలు బహువచనంలో ఒకే రూపానికి చేరడం తెలుగు ఇచ్చిన అవకాశం, దాన్ని వాడుకోవడం శ్లేష. ముడుపు, పూలు ముడుచుకోవడం మొదటి కుదురులోవి, ముళ్ళకంచె రెండవ కుదురులోది. ముళ్ళపూడి లాంటి ఇంటిపేరులో “పూడి” ఊరి గుర్తు, మన ఊళ్ళు చెట్టూ పుట్టా చూసి పేర్లు పెట్టుకున్నవి కనుక అక్కడి ముళ్ళు తాళ్ళవి కావని నా నమ్మకం.

గ్రంధి సంగతి కూడా చెబుతాను. వాడుకలో ధకారం వచ్చినా మాట మూలం మారదు. ఆ మాటకు అర్థం ముడి అన్నంత వరకే పద్యం చెబుతోంది, ఫలానా కుటుంబానికి ఆ పేరు ఎవరు పెట్టారన్నది వేరే ప్రశ్న.

మారేడుదళం

ఆ పాత సమస్యకు గణితంలో సూటి సమాధానం ఉంది. పసుపుతాడుకు మూడు ముళ్ళు వేసినా తాడు కొనలు బయటే ఉంటాయి. కొనలు బయట ఉన్నంతసేపూ గణితం దృష్టిలో ముడి లేదు. అప్పుడు నాకు ఇది తట్టలేదు.

పీటముడి గారి అసలు అభ్యంతరానికి వస్తాను. మిగిలినది పేరేనా, ముడేనా? ఒక దారం తీసుకుని మామూలు ముడి వేసి, రెండు కొనలనూ జిగురుతో అతికించి బల్ల మీద పరచండి. మూడు చోట్ల దారం తన మీదుగా తానే దాటుతుంది, మూడు రేకులు కనబడతాయి. నేను నా పేరును ఆ ఆకారం చూసే పెట్టుకున్నాను. ఇప్పుడు దాన్ని కాగితం మీద గీసి, కిందికి వెళ్ళిన చోటు నుంచి మళ్ళీ కిందికి వెళ్ళే చోటు దాకా ఒక ముక్కగా తీసుకుని, మూడు ముక్కలకూ పసుపు, కుంకుమ, ఆకుపచ్చ రంగులు వేయండి. ప్రతి దాటుచోటులోనూ మూడు రంగులూ కలుస్తాయి. దాటుచోట్లలో మూడూ వేరుగానో, మూడూ ఒకటిగానో ఉండాలి, మొత్తం మీద కనీసం రెండు రంగులు వాడాలి అన్నదే నియమం. దారాన్ని తెంచకుండా ఎంత లాగినా, తిప్పినా ఈ రంగుల గుణం పోదు. ఉత్త వలయానికి ఆ గుణం లేదు, ఎందుకంటే అక్కడ ఉన్నది ఒకే ముక్క. కనుక మూడు రేకుల ముడి ఎన్నటికీ వలయం కాదు. విప్పబోయిన ప్రతిసారీ మిగిలేది ముడే, పేరు కాదు.

పీటముడి

ఈ వివరణ పద్యంలో ఉండి ఉంటే నేను మాట్లాడకపోదును. మారేడుదళం గారు పద్యంలో ఒక ముడిని చెప్పి, వచనంలో అంతకంటె గట్టి ముడిని చూపించారు.

నా పూరణ:

డేను రాజు పేరు డేనుల నుడిలోన
ముడియె యౌను, దాని మోజు తోడ
ఇంటిపేరు జేసి రితరులు తరువాత
ముడిని విప్పి చూడ ముడియె మిగిలె

1016 నుంచి 1035 దాకా ఇంగ్లండును ఏలిన డెన్మార్కు రాజు పేరు క్నూట్. పాత నార్స్ భాషలో “క్నూత్ర్” అంటే ముడి. ఆ పేరు నుంచే క్నూత్ అనే ఇంటిపేరు పుట్టింది. కంప్యూటర్ శాస్త్రవేత్త డోనల్డ్ క్నూత్ గారి ఇంటిపేరు అదే.

తాటాకు

ఎత్తుగడ చాలా నచ్చింది. రాజు పేరును విప్పితే ముడి, ఇంటిపేరును విప్పినా ముడి. కానీ నా పద్యంలో లేని దోషాన్ని వెదికిన చేయి, తన పద్యంలో ఉన్నదాన్ని వదిలేసింది. “తోడ” ద్రుతాంతం, అంటే చివర నకారం దాగి ఉన్న మాట. దాని తరువాతి పాదం అచ్చుతో మొదలైంది, “తోడ నింటిపేరు” అని కలిసి తీరాలి. “మోజు కలిగి / యింటిపేరు జేసి రితరులు” అని మార్చితే “కలిగి” అనే క్త్వార్థం (అసమాపక క్రియ) మీద యడాగమం, అంటే నడుమ యకారం, వచ్చి సరిపోతుంది.

పీటముడి

ఒప్పుకుంటున్నాను. తాటాకు గారి సవరణను అలాగే తీసుకుంటున్నాను.

నల్లకోటు

నేను కోర్టు పని చేసుకునేవాణ్ణి. ఈ శాస్త్రంలో మా వృత్తి మనిషి ఒకరు ఉన్నారని తెలిసిన దగ్గర నుంచి ఆయన మీద పద్యం చెప్పాలని ఉంది.

పట్టికందు రెండు పక్కపక్కన నిల్చె
న్యాయవాది యొకడు నాడు కదిపె
తాటి నటును నిటును. తా జూచె నొక్కటే
ముడిని విప్పి చూడ ముడియె మిగిలె

ముడుల మొదటి పట్టికలు 19వ శతాబ్దంలో తయారయ్యాయి. పరమాణువులు ఈథర్‌లోని (అంతటా నిండి ఉందని అప్పట్లో నమ్మిన పదార్థంలోని) సుడులనీ, ముడిపడిన సుడుల రకాన్ని బట్టి మూలకాలు వేరవుతాయనీ భౌతికశాస్త్రవేత్త కెల్విన్ 1867లో ఊహించడంతో, ఎడిన్‌బరోలో టేట్ ముడులను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. అమెరికాలో లిటిల్ ఆ పని కొనసాగించాడు. లిటిల్ పట్టికలో వేర్వేరుగా నిలిచిన పది దాటుచోట్ల ముడులు రెండు నిజానికి ఒకటేనని న్యూయార్కు న్యాయవాది కెన్నెత్ పెర్కో 1974లో ప్రచురించాడు. ప్రతి దాటుచోటుకూ దాని దిశను బట్టి +1 గానీ -1 గానీ వేసి కూడితే వచ్చేది మెలికల మొత్తం. ఒక బొమ్మలో అది ఎనిమిది, రెండవదానిలో పది. ఆ మొత్తం మారదని లిటిల్ నమ్మాడు కనుక రెండింటినీ వేరనుకున్నాడు. ఇప్పటి లెక్కలో పది దాటుచోట్ల ప్రధాన ముడులు (చిన్న ముడులను జతచేసి తయారుచేయలేనివి) 165.

మారేడుదళం

ఈ పూరణకు నా మొదటి స్థానం. పట్టికలో రెండుండగా సమస్యలో “ముడిని” అని ఏకవచనం ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ రెండూ మొదటి నుంచీ ఒకటే కనుక ఏకవచనం ఈ పద్యానికే సరిగ్గా అతికింది. లోపం ఒక్కటే: “జూచె” అన్న తరువాత మళ్ళీ “చూడ” వచ్చింది.

ఇంటిపేర్ల దారిలో వెళ్ళేవారికి మరొక సంగతి. రెండు బొమ్మలు ఒకే ముడివైతే, మూడు రకాల కదలికలతోనే ఒకదాన్ని రెండవదిగా మార్చవచ్చని 1927లో గణితవేత్త రైడెమైస్టర్ రాశాడు. జర్మనీలోని జౌర్‌లాండ్ ప్రాంతంలో ఇనుమునూ ఇనుప తీగనూ తయారుచేయించే యజమానిని ఒకప్పుడు రైడెమైస్టర్ అనేవారు. తీగల యజమాని పేరున్న మనిషి తీగ కదలికలకు నియమాలు చెప్పడం పద్యానికి తగిన వస్తువు.

నిర్వాహకుడు

నల్లకోటు గారి పూరణను ఈ వారానికి ఎంచుతున్నాను. తాటాకు గారి పద్యం దానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. మారేడుదళం గారు మూడవ పాదం సవరిస్తే దానినీ సంకలనంలో చేరుస్తాను.

మారేడుదళం

పీటముడి గారు చెప్పినది నిజం, శోభిల్లడానికి అక్కడ ఏమీ లేదు. సవరించిన పద్యం:

కొనలు కలిపినట్టి గుండ్రని తాటిలో
చిక్కులన్ని తీసి చివరి దాక
సున్నముడి యటంచు శోధకు లందురు
ముడిని విప్పి చూడ ముడియె మిగిలె