ఆల్ఫ్వెన్ తరంగాల శక్తి కరోనాలో వేడిగా ఎలా మారుతుంది?

సూర్యుడి ఉపరితలం వేడి దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్. దానికి పైనున్న కరోనాలో, అంటే సూర్యుడి బయటి వాతావరణంలో మాత్రం పది లక్షల డిగ్రీలు దాటుతుంది. పొయ్యికి దూరం జరిగేకొద్దీ సెగ పెరిగినట్టు! ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు, తెలిసినవాళ్లు కాస్త సాయం చేయండి.

స్వీడన్ శాస్త్రవేత్త హాన్నెస్ ఆల్ఫ్వెన్ 1942లో ప్రతిపాదించిన తరంగాల సంగతి చదివాను. అడుగున ప్లాస్మా (విద్యుదావేశమున్న కణాల వేడి వాయువు) కుతకుతలాడుతుంటే అయస్కాంత రేఖల మొదళ్లు ఊగుతాయి, ఆ ఊపు రేఖల వెంట పైకి పాకుతుంది. ఇంతవరకు అర్థమైంది. పైకి వెళ్లేకొద్దీ సాంద్రత అమాంతం పడిపోయి తరంగ వేగం పెరుగుతుంది కాబట్టి, కరోనా అంచున చాలా శక్తి వెనక్కి మళ్లుతుందన్నదీ సరే.

దాటి వెళ్లిన శక్తి దగ్గరే నా చిక్కంతా. ఈ తరంగాలు ధ్వనిలా ప్లాస్మాను నొక్కవు. అక్కడ కణాలు ఢీకొనేదే తక్కువ, విద్యుత్ నిరోధం దాదాపు లేనట్టే. మరి శక్తి వేడిగా మారేదెలా?

పక్కపక్క రేఖల్లో వేగాలు వేరై, తరంగాల లయ తప్పి, మధ్యలో ఏర్పడే సన్నని పొరల్లో శక్తి కరుగుతుందని ఒక వివరణ. ఎదురెదురు తరంగాలు కలిసి పెద్ద సుడులు చిన్నవిగా చీలిపోతాయని ఇంకొకటి. వంపు తిరిగి మళ్లీ సూర్యుడి మీదికే దిగే రేఖల లూపుల్లో ఏది ఎక్కువ పనిచేస్తుంది? బయటికి తెరుచుకున్న రేఖల్లో ఏది? డిగ్రీ స్థాయి ఫిజిక్స్ తెలుసు, సమీకరణాలతో చెప్పినా ఫర్వాలేదు.