ఐల్ ఆఫ్ మ్యాన్ పాత పెళ్లి ఒప్పందం అర్థం చేసుకోవడానికి సాయం కావాలి

నమస్కారమండీ. మా వారి పూర్వీకులు బ్రిటన్, ఐర్లండ్‌ల మధ్య ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో రైతులు. వాళ్లింట్లో 18వ శతాబ్దపు పెళ్లి ఒప్పందం నకలు ఒకటి ఉంది. కొడుకు పెళ్లికి తండ్రి సగం పొలం రాసిచ్చి, మిగతా సగం తనూ భార్యా బతికున్నంత కాలం అనుభవించేలా ఉంచుకున్నాడు. చిక్కేంటంటే, ఆ పెళ్లికొడుకు రెండోవాడు. అక్కడ క్వార్టర్‌ల్యాండ్ అనే వారసత్వ భూమి ఆనవాయితీగా పెద్ద కొడుక్కే వెళ్లేది, కొడుకులు లేకపోతే పెద్ద కూతురికి. రైతుల వారసత్వ హక్కును 1704 నాటి సెటిల్‌మెంట్ చట్టం కూడా ఖాయం చేసింది. మరి పెద్దవాడి సంతకం లేకుండా ఈ ఒప్పందం చెల్లేదా? లేక ఇది బీడును చుట్టూ కంచె వేసి సాగులోకి తెచ్చుకున్న ఇన్‌టాక్ భూమా? ఆ ద్వీప రాజధాని డగ్లస్‌లోని మ్యాంక్స్ మ్యూజియంలో పాత దస్తావేజులు, వీలునామాలు వెతికినవాళ్లుంటే ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పండి. పెద్దవాడికి చివరికి ఏం దక్కిందో తెలుసుకోవాలని చాలా ఉంది.