బిస్కెట్లు, గాజు సీసాల జ్యూస్ ఒకే 20 అడుగుల కంటైనర్‌లో ఓడ మీద పంపొచ్చా?

ప్రశ్న – కొత్త_ఎగుమతి

ఆర్డరు రెండు రకాలండి. ఒకటి 250 ఎంఎల్ గాజు సీసాల ఆపిల్ జ్యూస్: పెట్టెకి 24 సీసాలు, పెట్టె బరువు 11 కిలోలు, కొలత 40×25×17 సెం.మీ., మొత్తం 600 పెట్టెలు. రెండోది బిస్కెట్లు: పెట్టె 5 కిలోలు, 40×33×25 సెం.మీ., 360 పెట్టెలు. రేవు నుంచి రేవుకి 35 రోజులంటున్నారు. ఎల్‌సీఎల్‌లో (ఇతరుల సరుకుతో కలిపి ఒకే కంటైనర్‌లో) వెయ్యాలా, విడిగా 20 అడుగుల కంటైనర్ తీసుకోవాలా? రీఫర్ (చల్లబరిచే కంటైనర్) అవసరమా? రెండూ పక్కపక్కన పెడితే ఏమైనా ఇబ్బందా?

జవాబు – డాక్_పక్కన

ముందు లెక్క చూద్దాం. జ్యూస్ 10.2 సీబీఎం (ఘనపు మీటర్లు), 6.6 టన్నులు. బిస్కెట్లు 11.9 సీబీఎం, 1.8 టన్నులు. కలిపితే 22 సీబీఎం, 8.4 టన్నులు. ఎల్‌సీఎల్‌లో ఘనపరిమాణం, బరువు రెండూ చూసి ఏది ఎక్కువైతే దానికి కడతారు (1 సీబీఎంకి 1 టన్ను లెక్కన). మీది 22 యూనిట్లు అవుతుంది. ఇంత సరుకుకి విడి కంటైనరే నయం. పైగా ఎల్‌సీఎల్‌లో మీ బిస్కెట్ల పక్కన సబ్బులో, రబ్బరో, మసాలానో వచ్చి కూర్చుంటుంది. వాసన ప్యాకెట్ లోపలికి పోయాక దాన్ని వదిలించే మందు లేదు.

20 అడుగుల కంటైనర్ లోపల పొడవు 5.9 మీ., వెడల్పు 2.35 మీ. 1200×1000 మి.మీ. పాలెట్లు (పెట్టెలు పేర్చే చెక్క పీటలు) నేరుగా పేరిస్తే తొమ్మిదే పడతాయి. తిప్పి పెడితే పది పడతాయి. ఒక వరుసలో మొదటి రెండు అడ్డంగా, తర్వాతి మూడు నిలువుగా. ఎదుటి వరుసలో మొదటి రెండు నిలువుగా, తర్వాతి మూడు అడ్డంగా. జ్యూస్ పొరకి 12 పెట్టెలు, పది పొరలు, అంటే పాలెట్‌కి 120, మొత్తం ఐదు పాలెట్లు. బిస్కెట్లు పొరకి 9, ఎనిమిది పొరలు, 72 పెట్టెలు, ఇవీ ఐదే. బిస్కెట్ పాలెట్ ఎత్తు చెక్కతో కలిపి 2.15 మీ. అవుతుంది. తలుపు ఎత్తు సుమారు 2.28 మీ. కాబట్టి ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు జాగ్రత్తగా ఎత్తాలి. కంగారు అనిపిస్తే ఏడు పొరలే వేసి, మిగిలిన పెట్టెలు జ్యూస్ పాలెట్ల మీద సర్దండి. జ్యూస్ మాత్రం బిస్కెట్ల మీదికి ఎక్కకూడదు.

జ్యూస్ అంతా ఒక కొసన, బిస్కెట్లు ఇంకో కొసన పెట్టకండి. బరువులో 78 శాతం ఒక సగంలోకి పోతుంది. కంటైనర్ పొడవులో ఏ సగంలోనూ 60 శాతం దాటకూడదన్నది మామూలు నియమం. ఒకటి జ్యూస్, ఒకటి బిస్కెట్ అన్నట్టు మార్చి మార్చి పెట్టండి.

జవాబు – తేమ_లెక్క

రీఫర్ అక్కర్లేదు. కానీ మామూలు కంటైనర్‌లో అసలు శత్రువు తేమ. ఎండలో కప్పు వేడెక్కుతుంది, రాత్రి చల్లబడుతుంది. లోపలి గాలిలోని తేమ కప్పుకి పట్టి పెట్టెల మీద చుక్కలుగా కారుతుంది. ఆ తేమ చాలామటుకు బయటినుంచి రాదు, మీరు పెట్టిన చెక్కలోంచే వస్తుంది. పది పాలెట్లు కలిపి 200 కిలోలనుకోండి. తేమ 30 శాతం నుంచి 15కి దిగితే 20 లీటర్ల పైచిలుకు నీరు డబ్బాలోకి వదిలినట్టే. లోడింగ్‌కి ముందు తేమ మీటరుతో చెక్కను గుచ్చి చూడండి. 20 శాతం దాటినదాన్ని పక్కన పెట్టండి.

కాల్షియం క్లోరైడ్ సంచులు పక్క గోడల గాళ్లలో వేలాడదీయండి. 20 అడుగులకి 6–8 కిలోలు సరిపోతుంది. నీరు జెల్‌గా గడ్డకట్టే రకమే కొనండి. మామూలుదైతే ఉప్పునీళ్లు కారి సరుకు మీద పడతాయి. అట్టపెట్టె సంగతీ చూడాలి. గాలిలో తేమ 90 శాతానికి చేరితే అట్ట బలం సగానికి సగం పడిపోతుంది. అడుగు బిస్కెట్ పెట్టె మీద ఏడు పెట్టెలు, 35 కిలోలు. దానికి ఐదింతలు, అంటే 175 కిలోలు మోయగల అట్ట అడగండి. మూల మీద మూల వచ్చేలా నిలువు వరుసల్లోనే పేర్చండి. ఇటుకల్లా అడ్డుకట్టు వేస్తే మూలలు మోయాల్సిన బరువు మధ్యలో పడి పెట్టె కుంగుతుంది.

జ్యూస్‌కి అసలు బెడద వేడి. కప్పు కింది పొరల్లో ఎండ వేళ 50 డిగ్రీల పైకి పోవచ్చు. రంగు ముదరడం, మూత దగ్గర కారడం అక్కడే మొదలవుతాయి. థర్మల్ లైనర్ (కంటైనర్ లోపల పరిచే వేడి నిరోధక పొర) వేడిని పూర్తిగా ఆపదు, ఎగుడుదిగుళ్లను మెల్లగా చేస్తుంది, అంతే. సోడా కలిపిన పానీయమైతే ఇంకా కష్టం: 20 డిగ్రీల నుంచి 40కి పోతే సీసాలో ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. చలికాలంలో చల్లని రేవుకి పోతుంటే గడ్డకట్టడం కూడా చూసుకోండి. నీరు గడ్డకడితే 9 శాతం దాకా పెరుగుతుంది, మూత కింద ఖాళీ లేకపోతే సీసా పగులుతుంది. సీసాకీ సీసాకీ మధ్య అట్ట అడ్డగోడ తప్పనిసరి.

జవాబు – బిల్‌ఆఫ్‌లేడింగ్

పాలెట్ మీద ఐఎస్‌పీఎమ్ 15 (చెక్క ప్యాకింగ్‌తో పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉందా లేదా చూడండి. చెక్క లోపలిదాకా 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేశారన్న గుర్తు అది. ముద్ర లేకపోతే సరుకు ఎంత బాగున్నా రేవులో ఆపుతారు. ప్లైవుడ్ పాలెట్లకి ఆ గొడవ లేదు.

బరువు ప్రకటన, అదే వీజీఎమ్, 2016 జూలై 1 నుంచి తప్పనిసరి. నింపిన కంటైనర్‌ని తూకం వేయడం ఒక పద్ధతి. సరుకు, ప్యాకింగ్, పాలెట్లు, కంటైనర్ ఖాళీ బరువు అన్నీ కూడడం రెండోది. ఇన్‌వాయిస్‌లో ఒక బరువు, ప్యాకింగ్ లిస్టులో ఇంకో బరువు ఉంటే కస్టమ్స్ తలుపు తెరిపిస్తుంది. కస్టమ్స్ సరుకు కోడు (హెచ్‌ఎస్ కోడు) కూడా జాగ్రత్త: ఏమీ కలపని రసం 2009, నీళ్లు, చక్కెర కలిపిన పానీయం 2202, తియ్యని బిస్కెట్లు 1905. లేబుల్ మీద దిగే దేశం భాష, అలర్జీ పదార్థాలు, బ్యాచ్ నంబరు, దిగుమతిదారు చిరునామా ముందే కొనుగోలుదారుతో ఖాయం చేసుకోండి. రేవులో స్టిక్కర్లు అంటించడం ఖరీదైన పని. దిగే దేశం అమెరికా అయితే ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ) ప్రయర్ నోటీసు, అంటే ముందస్తు సమాచారం, ఓడ చేరడానికి కనీసం 8 గంటల ముందు వెళ్లాలి, తయారీ యూనిట్ నమోదై ఉండాలి.

బీమాలో అన్నిటికన్నా విస్తృతమైన క్లాజు ఎ తీసుకున్నా ప్యాకింగ్ సరిగా లేకపోవడం, ఆలస్యం వల్ల వచ్చిన నష్టం అందులో రావు. కాబట్టి లోడ్ చేసేటప్పుడు ఖాళీ కంటైనర్, సగం నిండినప్పుడు, నిండాక, సీలు నంబరు, నాలుగు దశల్లో ఫొటోలు తీయండి.

కొత్త_ఎగుమతి

బాగా అర్థమైందండి. కంటైనర్ వచ్చినప్పుడు ఏం చూడాలి? తలుపు దగ్గర మిగిలే ఖాళీ సంగతేంటి?

డాక్_పక్కన

లోపలికి వెళ్లి తలుపులు మూయించండి. ఎక్కడైనా వెలుతురు కనబడితే అక్కడ చిల్లు ఉన్నట్టు, ఆ కంటైనర్ వద్దనండి. అలాగే ఒక నిమిషం ఆగి వాసన చూడండి. నేల చెక్క మీద నూనె మరక, తడి ఉన్నా తిప్పి పంపండి.

పైన చెప్పిన పది పాలెట్ల అమరికలో తలుపు వైపు ఒక వరుసకి 30 సెం.మీ., ఇంకో వరుసకి 50 సెం.మీ. ఖాళీ మిగులుతుంది. పక్కలకి మొత్తం 15 సెం.మీ. ఉంటుంది. ఏ దిశలోనైనా ఖాళీలన్నీ కలిపి 15 సెం.మీ. దాటకూడదని సీటీయూ కోడ్ (కంటైనర్లలో సరుకు సర్దడానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు) అంటుంది. కాబట్టి తలుపు ముందు చెక్క అడ్డకట్టు గానీ లాషింగ్ బెల్టు (సరుకు బిగించి కట్టే పట్టీ) గానీ కావాలి. పాలెట్ల మధ్య గాలి సంచులు పెట్టొచ్చు. వాటిని తలుపుకి మాత్రం ఆనించకండి, అవతల తెరిచేవాడి మీదికి సరుకు విరుచుకుపడుతుంది. అడ్డకట్టు చెక్కకి కూడా ఐఎస్‌పీఎమ్ ముద్ర ఉండాలి, చాలామంది అక్కడే మర్చిపోతారు.