తాడిపత్రి లారీల పర్మిట్ల సస్పెన్షన్: కంపెనీ హైకోర్టుకు పోవడం న్యాయమేనా?

గుత్తిరోడ్డు:
తాడిపత్రి నుంచి బెంగళూరుకు బండలు తోలే ఒక లారీ కంపెనీ బండ్లు ఓవర్‌లోడుతో పదేపదే పట్టుబడ్డాయి. రవాణా అథారిటీ వాటి పర్మిట్లు సస్పెండ్ చేసింది. కంపెనీ, ఇలాంటి ఆర్డర్ల మీద అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌కు పోకుండా నేరుగా అమరావతిలో హైకోర్టులో రిట్ వేసింది. ముందు నోటీసు ఇవ్వలేదంట. కాటా చీటీలు అంత స్పష్టంగా ఉంటే ఇంక కోర్టులో వాదించేదేముంది?

అనంత_వకీలు:
చాలా ఉంది. మోటారు వాహనాల చట్టం 86వ సెక్షన్ ప్రకారం, పర్మిట్‌దారుకు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా పర్మిట్ సస్పెండ్ చేయకూడదు, రద్దూ చేయకూడదు. 'అధికారికి తోస్తే ఇవ్వచ్చు' అని కాదు అక్కడ రాసింది. నోటీసు లేకపోతే ఆ ఆర్డరు నిలవదు.

పెన్నాగట్టు:
డబ్బున్నోళ్లకే కోర్టులు.

గుత్తిరోడ్డు:
వకీలు గారూ, మాది యాడికి దగ్గర. రోడ్డు వేసిన ఏడాదికే గుంతలు పడుతున్నాయి. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు 16 రెట్లని ఇంజినీర్లు చెబుతారు. మా చిన్నాన్న కొడుకు ఆ గుంతలోనే బైక్ మీద నుంచి పడి కాలు పోగొట్టుకున్నాడు. వాడికి ఎవరు ఇచ్చారు నోటీసు?

అనంత_వకీలు:
మీ తమ్ముడి విషయం విని బాధేసింది. కానీ నేను అడిగేది వేరే. నోటీసు ఇచ్చారా, లేదా?

గుత్తిరోడ్డు:
నేనడిగేది ఓవర్‌లోడు వేశారా, లేదా అని.

స్టీరింగ్:
నేను ఇరవై ఏళ్లుగా లారీ తోలుతున్నా. పది టైర్ల బండికి 2018 నుంచి మొత్తం 28.5 టన్నుల వరకు పర్మిషన్, బండి బరువుతో కలిపి. మాకు దాని మీద ఇంకో పది టన్నులు ఎక్కిస్తారు. వద్దంటే 'దిగిపో, ఇంకొకడు వస్తాడు' అంటారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే తిట్లు తినేది నేనే. ఇప్పుడు బండ్లు ఆగాయి, నా బత్తా ఆగింది. ఓనరు మాత్రం కోర్టులో ఉన్నాడు.

గుత్తిరోడ్డు:
అదే చెబుతున్నా. కంపెనీకి ట్రిబ్యునల్ ఉంది కదా? జిల్లా జడ్జి హోదాకు తగ్గని న్యాయాధికారే అక్కడ కూర్చుంటారు. 89వ సెక్షన్‌లో అప్పీలుకు దారి ఉండగా హైకోర్టుకు ఎందుకు? స్టే తొందరగా వస్తుందనే కదా!

అనంత_వకీలు:
వేరే దారి ఉన్నంత మాత్రాన హైకోర్టు తలుపు మూసుకోదు. సహజ న్యాయం, అంటే చర్యకు ముందు అవతలివాళ్ల మాట వినడం, పాటించకపోయినా, లేని అధికారంతో ఆర్డరు ఇచ్చినా రిట్ వినవచ్చని సుప్రీంకోర్టు 1998లో వర్ల్‌పూల్ కేసులో చెప్పింది. ఇక్కడ మొదటిది వర్తిస్తుంది.

గుత్తిరోడ్డు:
2005లో అదే సుప్రీంకోర్టు, జరిమానా కట్టేసి ఆ అదనపు లోడుతోనే పోవడానికి వీల్లేదు, దించాల్సిందే అని కూడా చెప్పింది. అది చెప్పరేం? మన రోడ్డు మీద లోడు దించడం ఎవరైనా చూశారా?

బండల_మిషన్:
ఫ్యాక్టరీలు, కూలీలు, అందరం ఈ బండ్ల మీదే బతుకుతున్నాం. పర్మిట్లు ఆపితే సరుకంతా యార్డులోనే పడి ఉంటుంది. కోర్టు స్టే ఇస్తే మంచిదే.

ఒంటిబండి:
ఇంతసేపు చదివి ఊరుకున్నా. ఇంక ఉండలేక రాస్తున్నా. నాది ఒకే లారీ, ఫైనాన్స్‌లో ఉంది. చట్టం చెప్పినంతే ఎక్కిస్తా. ఈ కంపెనీ రెండు ట్రిప్పుల్లో మూడు ట్రిప్పుల సరుకు తోలుతుంది కాబట్టి టన్నుకు తక్కువ కిరాయి చెబుతుంది. ఆ రేటుకు నాకు డీజిల్, టోల్ కూడా గిట్టవు. జరిమానా 20,000, పైన అదనపు టన్నుకు 2,000. పది టన్నులకు 40,000. అన్ని బండ్లూ, అన్ని ట్రిప్పులూ దొరకవు కదా! దొరికిన రోజు కట్టేసి, దాన్ని ఖర్చుల్లో రాసుకుంటారు. వాళ్లకు నొప్పి తెలిసింది పర్మిట్ ఆగినప్పుడే. నోటీసు ఇచ్చారా, హైకోర్టా, ట్రిబ్యునలా, ఇవేవీ నాకు అక్కర్లేదు. ఈ సస్పెన్షన్ పోతే నా బండి ఫైనాన్స్ వాళ్లు తీసుకుపోతారు.

బండల_మిషన్ అన్నా, లోడు నింపేది మీ గేటులోనే. టన్నుకు వంద తక్కువైనా చాలు, ఆ కంపెనీకే ఇస్తారు. 194వ సెక్షన్ తోలినవాడినే కాదు, తోలించినవాడిని, తోలనిచ్చినవాడిని కూడా పట్టుకుంటుంది. మీ మీద ఒక్క ఆర్డరైనా వచ్చిందా?

బండల_మిషన్:
మేం వ్యాపారం చేసుకునేవాళ్లం. లారీ కెపాసిటీ చూసుకోవాల్సింది లారీ వాళ్లు.

స్టీరింగ్:
అన్నా, లోడు చాలంటే గేటు తీయనిది మీ సూపర్‌వైజరే.

గుత్తిరోడ్డు:
వకీలు గారూ, ఇప్పుడు చెప్పండి. ఈయన నోటికాడి కూడు కంటే ఆ కాగితం ఎక్కువా?

అనంత_వకీలు:
ఆ కాగితం ఎంత ముఖ్యమో నాకు తెలుసు కాబట్టే ఇంత గట్టిగా పట్టుకున్నా. మా నాయనదీ ఒకే లారీ. ఒక అధికారి అడగకుండా, వినకుండా పర్మిట్ ఆపేశాడు. తప్పు మాది కాదని తేలేసరికి బండి ఫైనాన్స్ వాళ్ల యార్డులో ఉంది. మాకు హైకోర్టు దాకా పోయే స్తోమత లేదు. ఈ రోజు పెద్ద కంపెనీకి నోటీసు ఇవ్వకపోయినా ఫర్వాలేదు అంటే, రేపు ఒంటిబండి అన్నకు కూడా ఇవ్వరు. నోటీసు ఇచ్చి, విని, కారణాలు రాసి మళ్లీ సస్పెండ్ చేయమనండి. అప్పుడు నేనే ఆ ఆర్డరును సమర్థిస్తా.

గుత్తిరోడ్డు:
అదంతా తేలేలోపు బండ్లు మళ్లీ రోడ్డెక్కుతాయి.

అనంత_వకీలు:
ఎక్కితే ఎక్కినచోటే కాటా వేసి, అదనపు లోడు దించమనండి. దానికి ఏ స్టే కూడా అడ్డం రాదు.

ఒంటిబండి:
చిన్న ఓనర్లమంతా కలిసి అర్జీ ఇద్దామనుకుంటున్నాం. ఫ్యాక్టరీల నుంచి బయటికి వచ్చే ప్రతి బండినీ గేటు దగ్గరే కాటా వేయాలి, ఎక్కువ నింపిన ఫ్యాక్టరీ మీద కూడా కేసు పెట్టాలి అని. వకీలన్నా, రాసిస్తావా?

అనంత_వకీలు:
డబ్బులు తీసుకోకుండా రాసిస్తా. కానీ నోటీసు లేని ఈ సస్పెన్షన్‌ను కొనసాగించాలని మాత్రం అందులో రాయను.

గుత్తిరోడ్డు:
ఆ మాట లేకపోతే మా ఊరి నుంచి ఒక్క సంతకం కూడా రాదు.