నైట్రైట్ తగ్గని కొత్త మొక్కల అక్వేరియం: చేపలను ఎప్పుడు వదలవచ్చు?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గాజు తొట్టిలో పోషక మట్టి పరిచి, దానిపై సన్నని ఇసుక కప్పి, వాలిస్నేరియా, క్రిప్టోకొరైన్ మొక్కలు నాటి నేటికి 26 రోజులైంది. చేపలను ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక, అవి లేకుండానే అమ్మోనియా కలుపుతూ సైక్లింగ్ (అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బాక్టీరియాను తొట్టిలో పెంచడం) చేస్తున్నాను. నల్లా నీటిలోని క్లోరిన్ మేలు చేసే బాక్టీరియాను దెబ్బతీస్తుంది కాబట్టి, ప్రతిసారీ డీక్లోరినేటర్ కలిపాకే ఆ నీటిని పోస్తున్నాను.

2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) మేర కలిపిన అమ్మోనియా ఇప్పుడు ఒక్క రోజులోనే సున్నాకు వస్తోంది. అయితే నైట్రైట్ (ఇదీ చేపలకు విషమే) పరీక్షలో చుక్కలు పడీపడగానే గొట్టంలోని నీరు ముదురు ఊదా రంగుకు తిరుగుతోంది. పది రోజులుగా 5 పీపీఎం కంటే తగ్గడం లేదు. నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా నెమ్మదిగా వృద్ధి చెందుతుందని తెలుసు. అమ్మోనియా మోతాదు తగ్గించి వేచి ఉండాలా, లేక సగం నీరు మార్చాలా?

క్రిప్టోకొరైన్ ఆకులు వేలు తగిలితే చాలు జిగురులా కరిగిపోతున్నాయి, కానీ మొదళ్ల దగ్గర గోరంత లేత చిగుళ్లు కనిపిస్తున్నాయి. కుళ్లిన ఆకులను తీసేస్తున్నాను. మొక్కలను మాత్రం పీకలేదు, అది సరైనదేనా?

మా బోరు నీరు బకెట్లకు తెల్లని పొర కట్టేంత కఠినమైనది. నల్లా రాని రోజుల్లో దాన్ని కొంత కలిపితే, తర్వాత వేయదలచిన గప్పీ చేపలకు హాని ఉంటుందా? అనుభవజ్ఞులు దయచేసి తెలియజేయగలరు.